జేబులో టోపీ, జేబులో పిస్తోలు

మా ఆపా కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. డాలస్ శివార్లలో ఒక పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేసుకుంటూ చదువు ముగించాడు. ఇప్పుడు అదే బంకులో లెక్కలు చూస్తున్నాడు. ఒక రాత్రి ఫోన్ చేసి, ‘మామూ, ఒక సంగతి అడగాలి, అమ్మీకి చెప్పొద్దు’ అన్నాడు. డబ్బు సంగతేమో అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక మూడు ఫొటోలు వచ్చాయి. మూడూ పిస్తోళ్లు. కింద ఉర్దూలో ఒక్క వాక్యం. జేబులో పెట్టుకుని తిరగడానికి వీటిలో ఏది మంచిదంటారు?

ఇరవై ఏళ్లుగా ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి. పోలీసులు బల్ల మీద బట్ట పరిచి వరసగా పేర్చి చూపించే ఆయుధాలు తప్ప తుపాకుల గురించి నాకు తెలిసింది సున్నా. ఆ సంగతి వాడికీ తెలుసు. వాడు అడిగింది సలహా కాదు, ఇజాజత్. ఇంటి పెద్దల్లో ఎవరో ఒకరు ‘కానీ బేటా’ అంటే చాలు, గుండె మీద బరువు సగం దిగుతుంది. అందుకు నన్ను ఎంచుకున్నాడు.

కారణం చిన్నదేమీ కాదు. వాడి భార్య హిజాబ్ కట్టుకుంటుంది. ఒక సాయంత్రం సరుకులు కొని కారు దగ్గరికి వెళుతుంటే ఎవడో వెంటబడ్డాడు. కారు తలుపు తెరవనీయకుండా అడ్డం నిలబడి, మీ దేశానికి పొమ్మని అరిచాడు. పది నిమిషాలు. చుట్టూ జనం ఉన్నారు, చూస్తూ ఉన్నారు. పోలీసులు వచ్చి రాసుకుని పోయారు. ఆ పది నిమిషాలు వాడు బంకులో ఉన్నాడు. ఆ సంగతే వాణ్ణి తినేస్తోంది.

చట్టం వాడికి అడ్డు లేదు. వీసా మీద ఉన్నంత కాలం తుపాకీ కొనడం దాదాపు కుదరని పని. గ్రీన్ కార్డు వచ్చాక ఆ హక్కు దానంతటదే వచ్చింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, నేరచరిత్ర వంటి అడ్డంకులు లేనివాళ్లు పర్మిట్ కూడా లేకుండా చిన్న తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. ఇక్కడ మనకు 1959 ఆయుధాల చట్టం ఉంది. లైసెన్సు కావాలంటే ప్రాణభయం ఉందని అధికారిని ఒప్పించాలి. ఢిల్లీలో 2012 డిసెంబరు అత్యాచారం తర్వాత కాన్పూరు ఆయుధ కర్మాగారం వాళ్లు 2014లో ఆడవాళ్ల కోసమని ‘నిర్భీక్’ అని ఒక రివాల్వర్ తెచ్చారు. అరకిలో బరువు, హ్యాండ్ బ్యాగులో పడుతుంది, ధర లక్షా ఇరవై వేలు దాటింది. భయం ఉన్నచోట సరుకు వస్తుంది. అది అమెరికాకే పరిమితం కాదు.

సరే, మూడు ఫొటోల దగ్గరికి వస్తాను. వాడు ఆ విద్యలో ఎంత దూరం వెళ్లాడో చూస్తే నాకు దిగులు వేసింది. మొదటిది రూగర్ కంపెనీ ఎల్‌సీపీ, 2008లో వచ్చింది. పావుకిలో కంటే కొంచెం ఎక్కువ తూగుతుంది, జేబులో పర్సులా కూర్చుంటుంది. రెండోది సిగ్ సావర్ వాళ్ల పీ365, 2018లో వచ్చింది. దాదాపు అరకిలో, పది తూటాలు పడతాయి. మూడోది స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్, అయిదే తూటాలు. దాని కొక్కెం లోపలే దాగి ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు గుడ్డకు తట్టుకోదు.

వింటూ పోతే తెలిసిందేమిటంటే, జేబు పిస్తోలు అంటేనే రాజీల మూట. ఒకే తూటాను తేలిక పిస్తోలులోంచి పేలిస్తే బరువు పిస్తోలు కంటే ఎక్కువగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను తగ్గడానికి బలం తక్కువ తూటా వాడాలి. పిడి పొట్టిది కాబట్టి చిటికెన వేలికి చోటుండదు. గొట్టం పొట్టిది, గురి చూసే గుర్తులు మరీ చిన్నవి. అంటే మోయడానికి ఎంత సుఖమో కాల్చడానికి అంత కష్టం. కొత్తగా నేర్చుకునేవాడు ఎంచుకునేది చిన్నదాన్నే, కానీ దానితో గురి కుదరాలంటే అందరికంటే ఎక్కువ సాధన కావలసింది వాడికే. ట్రిగ్గర్ గట్టిగా ఉంటే గురి కదులుతుంది. మెత్తగా ఉంటే జేబులోనే పేలే ప్రమాదం. అందుకని ట్రిగ్గర్ కప్పి ఉంచే ఒర లేకుండా జేబులో వేయకూడదు. కారులో బెల్టు పెట్టుకుని కూర్చుంటే చెయ్యి జేబులోకి పోదు. జేబు నూలు పోగులు, దుమ్ము లోపల చేరతాయి కాబట్టి తరచూ తుడవాలి.

ఇవన్నీ చెప్పి చివర్న మామూలుగా ఇంకో మాట అన్నాడు. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదట. తాళాలు, చిల్లర, పెన్ను, ఏవీ. ట్రిగ్గర్‌కు ఏదైనా అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. ‘అందుకని టోపీ ఎడమ జేబులోకి మార్చుకోవాలి మామూ’ అన్నాడు.

అక్కడ నా నోట మాట రాలేదు.

టోపీ జేబులో ఉండటం అనేది మా ఇంట్లో పుట్టిన అలవాటు. వాడికి నేను నేర్పాను, నాకు మా అబ్బా నేర్పారు. 1990 డిసెంబరు. హైదరాబాద్‌లో గొడవలు, కర్ఫ్యూ. నాకు పదేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. మేమున్నది జిల్లా కేంద్రంలో, అక్కడ ఏమీ జరగలేదు. అయినా జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల మీదే అబ్బా నా తల మీది టోపీ తీసి, నాలుగు మడతలు పెట్టి నా నిక్కరు జేబులో పెట్టారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 1992 డిసెంబరు తర్వాత చెప్పే అవసరమే లేకపోయింది. బస్సెక్కే ముందు టోపీ జేబులోకి, పేరడిగితే ముద్దుపేరు, అమ్మీని బయట ‘అమ్మా’ అని పిలవడం. దాచుకుని తిరగడం అనే విద్యలో మేం ఏ పిస్తోలుగాడికీ తీసిపోం. మాకు లైసెన్సు కూడా అడగలేదు ఎవరూ.

ఇప్పుడు అదే జేబు ఖాళీ చేసి అందులో ఇంకొకటి పెడతానంటున్నాడు. టోపీ దాచినప్పుడు నా భయం ఎవరికీ హాని చేయలేదు, నన్నే కొంచెం చిన్నవాణ్ణి చేసింది. పిస్తోలు దాచినప్పుడు ఆ భయం ఎవరిని ఏం చేస్తుంది? నా ప్రశ్న ఇదీ. హరామా హలాలా అన్న ప్రశ్న కాదు.

భయం అబద్ధమని అనడానికి నాకు నోరు రాదు. 2015 ఫిబ్రవరి 10న నార్త్ కరొలినాలోని చాపెల్ హిల్‌లో ముగ్గురు ముస్లిం విద్యార్థుల్ని పక్కింటివాడు ఇంట్లోకొచ్చి కాల్చేశాడు. పార్కింగ్ తగాదా అన్నారు మొదట. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో జుమా వేళ రెండు మసీదుల్లో కాల్పులకు 51 మంది పోయారు. వాళ్లలో మన హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. మతం కూడా భయాన్ని తప్పని అనలేదు. ఖురాన్‌లో నిసా సూరాలో భయం వేళ చేసే నమాజు ఉంది. కొందరు సజ్దాలో ఉంటే కొందరు కాపలా నిలబడాలి, ఆయుధాలు దగ్గర ఉంచుకోవాలి అని ఉంది. దేవుడి ముందు వంగేటప్పుడు కూడా వీపు వెనక ఎవడున్నాడో చూసుకోమన్న మాట అది. నేనేమో టీ తాగుతూ అహింస బోధిస్తే వాడు వింటాడా?

కానీ అదే సంప్రదాయంలో ఇంకో మాట కూడా ఉంది. బుఖారీ హదీసుల్లో వస్తుంది. మసీదులోనో బజారులోనో బాణాలు పట్టుకు నడిచేవాడు వాటి ములుకుల్ని చేత్తో కప్పి పట్టుకోవాలి, ఎవరికీ గీరుకోకుండా. వాడు చెప్పిన ఒర సంగతి వినగానే నాకు ఇదే గుర్తొచ్చింది. పద్నాలుగు వందల ఏళ్ల కింద ఆయుధం మోసేవాడి మొదటి బాధ్యత శత్రువు గురించి కాదు, పక్కన నడిచే జనం గురించి. బజారులో ఉన్నవాళ్లంతా తనవాళ్లే అన్న నమ్మకం మీద నిలబడిన మాట అది. జేబు పిస్తోలు మోసేవాడు బజారులో అడుగుపెట్టేది ఆ నమ్మకంతో కాదు.

ఈ మాట వాడితో అంటే ఒప్పుకున్నాడు. మంచి పిస్తోలు కొనడం సగం పనేనట. తక్కిన సగం కళ్లకు శిక్షణ. ఎవడి చేతులు ఎక్కడున్నాయి, ఎవడి చొక్కా నడుము దగ్గర ఉబ్బింది, ఎవడు రెండుసార్లు తిరిగి చూశాడు, ఇవన్నీ కనిపెడుతూ ఉండాలి. నేర్పేవాళ్లు అలా చెబుతారట. నాకు ఆ చూపు బాగా తెలుసు. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన వారానికి నేను వరంగల్ బస్సులో ఉన్నాను. ఒళ్లో బ్యాగు, బ్యాగులో ఉర్దూ పత్రికలు. పక్క సీటాయన నా గడ్డం చూశాడు, బ్యాగు చూశాడు, మళ్లీ నా చేతులు చూశాడు. తర్వాతి స్టేజీలో వెనక సీటుకు మారిపోయాడు. మంచివాడే, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ భువనగిరి నుంచి కాజీపేట దాకా నేను చేతులు బ్యాగు మీద నుంచి తీయలేదు. తీస్తే ఎవరైనా ఏమనుకుంటారోనని.

ఆ చూపును నా మేనల్లుడు డబ్బులిచ్చి నేర్చుకోబోతున్నాడు.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలాతేలో జరిగింది ఏమిటి? శ్రీనివాస్ కూచిభొట్ల అనే ఇంజనీరు, హైదరాబాద్ వాడు, స్నేహితుడితో బార్‌లో కూర్చున్నాడు. ఒకడు వాళ్లను ‘చదివాడు’. వీళ్లు ఇరానీలు అని తేల్చుకున్నాడు. కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు. మన పత్రికల్లో చాలామంది రాసిన దుఃఖంలో ఒక అర్థం దొంగచాటుగా దాగి ఉంది. అయ్యో, పొరపాటు పడ్డాడే, వీళ్లు ముస్లింలు కాదే అని. నిజంగా ఇరానీలయి ఉంటే పొరపాటు లేనట్టా? ఆ రోజు డెస్కు మీద ఉర్దూ కాపీ రాస్తూ నేను ఆ మాట తీసేశాను. తెలుగు కాపీలో తీయడానికి నాకు అధికారం లేదు. అయితే ఇప్పుడు ఆ కథ నాకు ఇంకోవైపు నుంచి కనిపిస్తోంది. ఎదుటివాణ్ణి ఒక్క చూపులో చదివేయగలనన్న ధీమా ఆ హంతకుడిది. ద్వేషంతో చదివినవాడూ భయంతో చదివినవాడూ ఒకటి కాదు, నాకు తెలుసు. కానీ తప్పు చదివితే ఎదుటివాడికి తగిలే తూటా ఒకటే.

ఇంకొకటుంది. పిస్తోలు ఎవరి చేతిలో ఉందన్నది. రెండు భాషల్లో పని చేసేవాడికి ఇది రోజూ ఎదురయ్యేదే. దసరాకు ఆయుధ పూజ రాస్తాం. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. పాతబస్తీలో ఏ ఇంట్లోనో ఒక తల్వార్ దొరికితే ‘మారణాయుధాలు స్వాధీనం’ రాస్తాం. ఉర్దూలో ‘అస్లహా బరామద్’. ఇనుము ఒకటే, చేతిని బట్టి పేరు మారుతుంది. సిక్కుల కిర్పాణ్‌ను రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే గుర్తించింది, బాగుంది. మా విషయంలో కూరగాయలు తరిగే కత్తి కూడా పంచనామాకు ఎక్కగలదు.

2002 ఫిబ్రవరి 28న అహ్మదాబాద్ గుల్బర్గ్ సొసైటీలో ఎహ్సాన్ జాఫ్రీ ఇంట్లో ఎంతోమంది తలదాచుకున్నారు. మాజీ ఎంపీ, ఆయన దగ్గర తుపాకీ ఉంది. ఆ రోజు అక్కడ 69 మంది చనిపోయారు, ఆయనతో సహా. 2016 జూన్‌లో తీర్పు వచ్చింది. 24 మందిని దోషులన్నారు. ఆయన జరిపిన కాల్పులే గుంపును రెచ్చగొట్టి ఆ మారణహోమానికి దారితీశాయన్న అర్థం కూడా అదే తీర్పులో ఉంది. ఆత్మరక్షణ హక్కు చట్టంలో అందరికీ ఉంది. వాడుకుంటే అది రెచ్చగొట్టడం అయింది. అమెరికాలో 2016 జులైలో మినిసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసు కారు ఆపి అడిగితే, నా దగ్గర తుపాకీ ఉందని తనంతట తానే మర్యాదగా చెప్పాడు. అనుమతి ఉన్నవాడే. కొన్ని క్షణాల్లో కాల్చేశారు. ఆ పోలీసు మరుసటి ఏడాది నిర్దోషిగా బయటపడ్డాడు. చాపెల్ హిల్ హంతకుడికి కూడా తుపాకీ దాచి తిరిగే అనుమతి ఉంది. రెండు అనుమతులూ కాగితం మీద ఒకటే.

‘అందుకే దాస్తాను మామూ’ అన్నాడు వాడు. ‘నడుముకు పైన కనిపించేలా కట్టుకుంటే ఈ గడ్డంతో నన్ను చూసి ఎంతమంది బెదిరిపోతారు? జేబులో ఉంటే ఎవరికీ భయం లేదు.’ దీనికి నా దగ్గర జవాబు లేదు. దాచడం మోసం అని నేననబోతున్నాను, వాడు దాన్ని మర్యాద చేశాడు. పైగా ఇంకో పోటు పొడిచాడు. ‘మీరు హైదరాబాద్‌లో నాలుగు లక్షల మంది మనవాళ్ల మధ్య కూర్చుని మాట్లాడుతున్నారు. ఇక్కడ ఆ పార్కింగ్ స్థలంలో ఆమె ఒక్కతే ఉంది.’ లెక్క తప్పు, కానీ మాట తప్పు కాదు.

క్రైస్ట్‌చర్చ్ రెండో మసీదు దగ్గర అబ్దుల్ అజీజ్ అనే ఆయన చేతికందిన కార్డు మెషీన్ పట్టుకుని హంతకుడి వెంట పరుగెత్తాడు. వాడు పారేసిన ఖాళీ తుపాకీ ఎత్తి వాడి కారు అద్దం మీద విసిరాడు. వాడు పారిపోయాడు. ఈ కథ చెప్పి, చూశావా, ఆయుధం లేకుండానే అన్నాను. ‘ఆయన చేతిలో నిండు తుపాకీ ఉంటే?’ అన్నాడు వాడు. నిజమే, ఉంటే? తర్వాత వచ్చిన పోలీసులు ఇద్దరిలో ఎవర్ని కాల్చేవారో అని నేను మనసులో అనుకున్నాను. బయటికి అనలేదు.

మా దాదా దగ్గర ఒక భర్మార్ తుపాకీ ఉండేదట. నైజాం కాలం నాటిది, అడవిపందుల మీద కాల్చడానికి. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగాక దాన్ని తానే తీసుకెళ్లి అప్పగించి వచ్చారు. ఆ వారమే ఊళ్లోకి గుంపు వచ్చింది. దాదాను కాపాడింది పక్కింటి కాపు రైతు. జొన్నల పాతరలో దింపి పైన గడ్డి కప్పాడట. ఈ కథ నేను ఎన్ని సభల్లో చెప్పానో. ప్రతిసారీ చప్పట్లే. ఒకసారి అమ్మీ విని అంది: ‘పాతర తెరిచిన ఇల్లు నీకు దొరికింది కాబట్టి నువ్వున్నావు చెప్పడానికి. దొరకనివాళ్ల మనవలు ఏ సభలో చెబుతారు?’ 2013లో బయటపడిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఆ రోజుల్లో పోయిన ప్రాణాలు తక్కువలో తక్కువ 27 వేలు, ఎక్కువలో 40 వేలు అని అంచనా కట్టింది. అంతమందికి పాతర తెరవలేదు ఎవరూ. ఆ తర్వాత ఆ కథ నేను సభల్లో చెప్పడం మానేశాను.

అయినా మేనల్లుడికి ‘కానీ బేటా’ అనలేకపోయాను. ఇంట్లో తాళం వేసి ఉంచుకో, రాత్రి ఎవడైనా తలుపు బద్దలు కొడితే అప్పుడు చూద్దాం, దానికి నాదేమీ అభ్యంతరం లేదన్నాను. జేబులో వద్దన్నాను. ఎందుకని అడిగాడు. ఇంట్లో ఉన్న తుపాకీకి గుమ్మం దాటి వచ్చినవాడే శత్రువు. జేబులో ఉన్నదానికి ఎదురొచ్చే ప్రతివాడూ కావచ్చు. అలాంటి చూపు కింద నలభై ఏళ్లు నడిచాను, అది నీ కళ్లలోంచి వస్తే చూడలేను అన్నాను. ‘మీరు చూడరులెండి, అంత దూరంలో ఉన్నారు’ అని నవ్వాడు. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. చివర్న, రెండోది, ఆ అరకిలోది, చేతికి బాగా కుదిరింది అన్నాడు. అంటే దుకాణానికి వెళ్లి పట్టుకుని చూశాడన్న మాట. కొన్నాడో లేదో చెప్పలేదు. నేను అడగలేదు.

మర్నాడు ఆపా ఫోన్ చేసింది. ‘రాత్రి వాడు నీతో గంటసేపు మాట్లాడాడట, ఏంటి సంగతి?’ అంది. ఏదో కొనాలనుకుంటున్నాడు, ఏది మంచిదని అడిగాడు అన్నాను.

‘నీకు తెలుసుగా, మంచిదేదో చూసి చెప్పు. డబ్బుకు వెనకాడొద్దని చెప్పు వాడికి’ అంది ఆపా.